ప్రభువు బల్లకు ఏ రంగు గుడ్డ, ఎప్పుడు వెయ్యాలి? కొత్తగా బీరువా తాళం అందుకున్నవారికి

చర్చిలో ప్రభువు బల్ల, అంటే ప్రభు భోజనం పెట్టే బల్ల, గుడ్డలు మార్చే పని ఈ ఏడాది మీకు అప్పజెప్పారా? స్త్రీల మైత్రి మీటింగులో ఎవరో మీ పేరు చెప్పి ఉంటారు, మీరు సరేనని ఉంటారు, వెస్ట్రీలో (ఆరాధన సామాను దాచే గదిలో) బీరువా తాళం చేతిలో పెట్టి ఉంటారు. తలుపు తీస్తే నాలుగైదు రంగుల గుడ్డలు మడతలు పడి ఉంటాయి. ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. నాకూ తాళం అలాగే వచ్చింది. సికింద్రాబాద్‌లో మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పదిహేడేళ్లుగా ఈ పని చూస్తున్నాను. మీరు ఏ క్రమంలో మొదలుపెట్టాలో, నాకు మొదట్లో ఎవరూ చెప్పనివి ఏమిటో రాస్తున్నాను.

ముందు అయ్యగారిని అడగండి

గుడ్డ ముట్టుకోకముందే ఒక నోట్‌బుక్ తీసుకుని అయ్యగారి (పాస్టరు) దగ్గర కూర్చోండి. హైదరాబాద్‌లో అన్ని చర్చిల పద్ధతీ ఒకటి కాదు. సి.ఎస్.ఐ., మెథడిస్టు, లూథరన్, కత్తోలిక సంఘాలు కాలాన్ని బట్టి రంగులు మారుస్తాయి. బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి ఈ ఆచారమే లేదు. మార్చేవాళ్లలో కూడా తేడాలున్నాయి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలానికి ఎక్కువమంది ఊదా వేస్తారు, కొన్ని లూథరన్, ఆంగ్లికన్ సంఘాలు నీలం వేస్తాయి. గుడ్ ఫ్రైడే నాడు కత్తోలిక గురువులు ఎర్రని పూజావస్త్రం వేసుకుంటారు. మన చర్చిల్లో కొన్నిచోట్ల బల్ల మీద ఏమీ ఉంచరు, కొన్నిచోట్ల నల్లగుడ్డ వేస్తారు.

అందుకని ఈ మూడు తప్పకుండా అడగండి: ఆగమన కాలానికి ఊదానా, నీలమా? ఈస్టర్‌కు ముందు ఆదివారమైన మట్టల ఆదివారానికి ఊదా ఉంచుతామా, ఎరుపు వేస్తామా? గుడ్ ఫ్రైడేకి బల్ల ఖాళీనా, నలుపా? జవాబులు తేదీ వేసి రాసుకోండి. అయ్యగారు ట్రాన్స్‌ఫర్ అయి కొత్తవారు వచ్చినప్పుడు మళ్లీ అడగండి. ఫోన్‌లో ఎక్కడో చూసిన పద్ధతి తెచ్చి సంఘం మీద పెట్టకండి.

ఇంకొకటి. సంఘ పెద్దల్లో ఒకరు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు, "ఇదంతా బైబిల్లో ఉందామ్మా?" అని. నిజం చెప్పండి. ప్రత్యక్ష గుడారానికి "నీల ధూమ్ర రక్తవర్ణములు" తెమ్మని నిర్గమకాండంలో దేవుడే చెప్పాడు, కానీ ఏ ఆదివారానికి ఏ రంగో బైబిల్లో లేదు. మొదటి శతాబ్దాల సంఘానికి ఇలాంటి పట్టిక లేదు. 12వ శతాబ్దం చివర్లో, 1198లో పోపు కావడానికి కాస్త ముందు, మూడవ ఇన్నోసెంట్ రోమ్‌లో నడుస్తున్న వాడుకను రాసిపెట్టాడు. అందులో ముఖ్యమైనవి తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు. ఊదాను నలుపుతో కలిపి చెప్పాడు. 1570లో అయిదవ పయస్ పోపు పూజాగ్రంథం వచ్చాక కత్తోలిక సంఘమంతటా అదే స్థిరపడింది. సంస్కరణ కాలంలో చాలామంది ప్రొటెస్టెంట్లు ఈ రంగుల్ని పక్కన పెట్టారు. ఇంగ్లండులో 1833లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం తర్వాత అవి ఆంగ్లికన్ చర్చిల్లోకి తిరిగి వచ్చాయి. కాబట్టి ఆ పెద్దాయనకు మీ జవాబు, "ఆజ్ఞ కాదండీ, ఆచారం. చదువు రాని ముసలమ్మ కూడా గుమ్మంలో అడుగు పెట్టగానే ఇది ఏ కాలమో తెలుసుకోవాలని పెట్టుకున్న ఆచారం."

తర్వాత తేదీలు వేసుకోండి

డయోసిస్ ఆల్మనాక్ (చర్చి పండుగల తేదీల పుస్తకం) వస్తే అదే చూడండి. అది చేతికి రాకముందే గుడ్డలు సిద్ధం చేసుకోవాలంటే లెక్క మీకే తెలిసి ఉండాలి. పెద్ద పండుగల్లో కదలని తేదీలు రెండే: డిసెంబర్ 25 క్రిస్మస్, జనవరి 6 ప్రత్యక్షత పండుగ. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. మిగతా పెద్ద పండుగలు ఈస్టర్‌ను పట్టుకుని కదులుతాయి. మార్చి 21 నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి అయ్యాక మొదటి ఆదివారం ఈస్టర్. అందుకే అది మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపల ఎప్పుడైనా రావచ్చు.

2027 తీసుకుందాం. ఈస్టర్ మార్చి 28. వెనక్కి 46 రోజులు లెక్కపెడితే ఫిబ్రవరి 10, భస్మ బుధవారం. మధ్యలో ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై రోజుల శ్రమల కాలం. ముందుకు వెళ్తే మే 6 గురువారం ఆరోహణ పండుగ, మే 16 పెంతెకొస్తు, మే 23 త్రిత్వ ఆదివారం. మే 30 నుంచి నవంబర్ 14 దాకా వరసగా 25 ఆదివారాలు ఆకుపచ్చ. నవంబర్ 21 క్రీస్తు రాజు పండుగ, తెలుపు. నవంబర్ 28న ఆగమన కాలం మళ్లీ మొదలు.

ఈ లెక్క ఒక్కసారి చేత్తో వేసి చూడండి, మీకే తెలుస్తుంది. ప్రత్యక్షత పండుగకూ భస్మ బుధవారానికీ మధ్య వచ్చే ఆకుపచ్చ ఆదివారాలు కూడా కలిపితే, సంవత్సరంలో సగానికి పైగా ఆదివారాలు ఆకుపచ్చవే. అయినా దాదాపు ప్రతి సంఘంలో డబ్బంతా క్రిస్మస్ తెల్లగుడ్డకు పోస్తారు. ఆకుపచ్చది మాత్రం ఎప్పుడో కొన్న పాలిస్టర్ ముక్క, కిటికీ వైపు వెలిసిపోయి, అంచు దారాలు లేచి కనిపిస్తుంది. కొత్త సెట్టు కుట్టించే అవకాశం మీకొస్తే ఆకుపచ్చతోనే మొదలుపెట్టండి. మంచి గుడ్డ దానికే కొనండి. పెంతెకొస్తులో పొందిన ఆత్మతో సంఘం రోజూ ఎదిగే కాలం అది, విత్తనం మొలకెత్తి పైరయ్యే కాలం. మనకైతే అది తొలకరి నుంచి కోతల దాకా పొలం పచ్చగా ఉండే కాలంతో సరిగ్గా కలుస్తుంది. కోత పండుగ నాడు వరి కంకులు, గుమ్మడికాయలు, చెరుకు గడలు బల్ల ముందు పెడితే వెనక వేలాడే ఆకుపచ్చ గుడ్డ వాటికి తగ్గట్టు ఉండాలి కదా!

కొలత తీయండి

ప్రతి రంగులో మీకు కావలసినవి: బల్ల ముందు వేలాడే గుడ్డ, ప్రసంగం చేసే పుల్పిట్‌కు ఒకటి, వాక్యం చదివే లెక్టర్న్‌కు ఒకటి, పెద్ద బైబిల్‌లో పెట్టే రిబ్బన్, అయ్యగారు మెడలో వేసుకునే పొడవాటి పట్టీ, అంటే స్టోల్. బల్ల పైన పరిచే తెల్లని నూలు గుడ్డ వీటిలో లేదు. అది ఏ కాలంలోనైనా తెల్లగానే ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం దాని మీదే పెడతారు.

మన చర్చిల్లో చాలా బల్లల ముందు వైపు "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడి" అని చెక్కి ఉంటుంది. ఆ అక్షరాలు మూసేలా నేల దాకా గుడ్డ వేలాడదీయకండి. పది అంగుళాలు దిగితే చాలు, అక్షరాలు కింద కనిపిస్తాయి. బల్ల మామూలు చెక్కదైతే, పాతబడితే, పూర్తిగా కప్పేయండి. అంచు మాత్రం నేలకు అంగుళం పైనే ఆగాలి. లేకపోతే మాప్ పెట్టే ప్రతిసారీ తడుస్తుంది.

స్టోల్ నాలుగున్నర అయిదు అంగుళాల వెడల్పు, మెడలో వేసుకుంటే రెండు కొసలూ మోకాళ్ల దాకా రావాలి. అయ్యగారి ఎత్తు చూసి కుట్టించండి. వచ్చే అయ్యగారు పొడవో పొట్టో తెలియదు కాబట్టి కింద మడతలో రెండంగుళాలు లోపలికి వదలమని దర్జీకి చెప్పండి. కత్తోలికులకు 1969లో రోమ్ అనుమతించిన 12 భారతీయ మార్పుల్లో, స్టోల్‌గా అంగవస్త్రం వేసుకోవచ్చన్నది ఒకటి. మన అయ్యగారు ఇష్టపడితే చేనేత కండువా అంచుతో స్టోల్ కుట్టించడం నాకు చాలా నచ్చిన పద్ధతి.

గుడ్డ పగటి వెలుగులో కొనండి

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ఏడాది శ్రమల కాలానికి ఊదా గుడ్డ కావాలని సాయంత్రం ఏడింటికి ఒక షాపుకు వెళ్లాను. ట్యూబ్‌లైట్ కింద చక్కని నేరేడు పండు రంగు. కొన్నాను, కుట్టించాను, భస్మ బుధవారం సాయంత్రం వేశాను, ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఆదివారం ఉదయం తూర్పు కిటికీలోంచి ఎండ పడగానే ఆ గుడ్డ రాణీ రంగులో మెరిసింది. పెళ్లిచీర పరిచినట్టుంది. ఆరాధన అంతసేపూ తల ఎత్తలేకపోయాను. తప్పు షాపువాళ్లది కాదు, వీధిలోకి తెచ్చి చూడనిది నేను.

కాబట్టి జనరల్ బజార్‌కు వెళ్లినా, మదీనా దగ్గర పత్తర్‌గట్టీకి వెళ్లినా, ఉదయం పదకొండుకల్లా వెళ్లండి. థాను గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూపించమనండి, ఎవరూ కాదనరు. "పర్పుల్" అంటే పది రకాలు పరుస్తారు. పాతబస్తీ షాపుల్లో "ఊదా" అనండి, వెంటనే అర్థమవుతుంది, ఉర్దూలోనూ అదే మాట. "బైంగనీ" అంటే వంకాయ రంగు, అదీ పనికొస్తుంది. మీరు వెతకాల్సింది ఎరుపు కన్నా నీలం పాలు ఎక్కువున్న ముదురు రంగు. మెజెంటా వైపు మొగ్గితే వదిలేయండి.

ఊదాకు ఇంత ఆరాటం ఎందుకంటే, అన్ని రంగుల్లోకీ బరువైన అర్థం దానిదే. ఒకప్పుడు ఆ రంగును తూరు (ఇప్పటి లెబనాన్) తీరంలో సముద్రపు నత్తల నుంచి తీసేవారు. కొంచెం రంగుకు వేల నత్తలు కావాలి, అందుకే అది రాజుల వస్త్రమైంది. ఫిలిప్పీలో పౌలు మాట విన్న లూదియ "ఊదారంగు పొడిని అమ్ము" స్త్రీ. సైనికులు యేసును హేళన చేస్తూ తొడిగించిందీ ఊదారంగు వస్త్రమే. రాజువు కదా, ఇదిగో వేసుకో అన్నారు. ఆయన నిజంగానే రాజు. మనం పశ్చాత్తాపంతో తల వంచే నలభై రోజులూ ఆ వస్త్రం కళ్లెదుట ఉంటుంది. ఆగమన కాలంలోనూ అదే రంగు, అక్కడ రాబోయే రాజు కోసం. ఇది సండే స్కూల్ పిల్లలకు ఒక్కసారి గుడ్డ చూపించి చెప్పండి, మర్చిపోరు.

ఆగమన కాలం మూడో ఆదివారం, శ్రమల కాలం నాలుగో ఆదివారం కత్తోలిక గుడుల్లో గులాబీ రంగు వేయవచ్చు. పండుగ దగ్గరపడిందన్న సంతోషం అది. మన దగ్గర దీనికి వేరే గుడ్డ అక్కర్లేదు, ఆగమన కాలపు చక్రంలో మూడు ఊదా కొవ్వొత్తుల పక్కన ఒక గులాబీది పెడితే సరిపోతుంది.

గుడ్డ రకానికి వస్తే, రా సిల్కు గానీ బ్రొకేడ్ గానీ తీసుకోండి. శాటిన్ మెరుస్తుంది, ముడతలు కూడా అంతే మెరుస్తాయి. లైనింగ్ నూలు గుడ్డను ముందే ఒకసారి నీళ్లలో ముంచి ఆరేయండి, లేకపోతే తర్వాత కుంచించుకుని పైగుడ్డను లాగేస్తుంది. ఎరుపు, ఊదా కొనేముందు తడి తెల్ల రుమాలుతో మూల మీద గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగంటితే ఆ థాను వద్దు. బల్ల మీది తెల్లని నూలు గుడ్డ దానికి తగులుతూ ఉంటుందని మరవకండి.

బొమ్మలు తక్కువ, అర్థం ఉన్నవి

ఆకుపచ్చ మీద వరి కంకి, ద్రాక్ష గుత్తి. ఊదా మీద ముళ్ల కిరీటం, లేదా ఏమీ లేని సిలువ. ఎరుపు మీద పావురం, అగ్ని నాలుకలు. తెలుపు మీద బంగారు జరీతో కిరీటమో లిల్లీ పువ్వో. సి.ఎస్.ఐ. గుర్తులోని తామరపువ్వు, సిలువ ఏ రంగు మీదైనా బాగుంటాయి. మగ్గం వర్క్ చేయిస్తే రాళ్లు, పూసలు వద్దనండి. ఆ బరువుకు రెండేళ్లలో గుడ్డ మధ్యలో జారిపోతుంది. లోపల బక్రమ్ (గట్టి లోపలి గుడ్డ) పెట్టి పల్చని జర్దోసీ చేస్తే ఎక్కువకాలం నిలుస్తుంది. దాత పేరు ముందు వైపు కుట్టమని ఎవరైనా అడిగితే మెత్తగా కాదనండి, లైనింగ్ లోపల చిన్నగా రాయించండి.

తెలుపు, ఎరుపు

క్రిస్మస్‌కు ఎరుపు వేయాలని యూత్ వాళ్లు పట్టుబడతారు, డెకరేషనంతా ఎరుపూ ఆకుపచ్చే కదా అని. ఒప్పుకోకండి. ప్రభువు పండుగలకు తెలుపు. డిసెంబర్ 24 రాత్రి ఆరాధనకు వేసి ప్రత్యక్షత పండుగ దాకా ఉంచుతాం. మళ్లీ ఈస్టర్ నుంచి పెంతెకొస్తు ముందు రోజు వరకూ ఏడు వారాలు. త్రిత్వ ఆదివారం, బాప్తిస్మం, పెళ్లి కూడా తెలుపే.

చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దావిడ నన్ను అడిగింది, "పండగపూట తెలుపేంటమ్మా?" అని. మన ఊళ్లలో తెలుపు అంటే పోయినవాళ్లు గుర్తొస్తారు, ఆమె అడిగిందాంట్లో తప్పేం లేదు. ప్రకటన గ్రంథంలో గొఱ్ఱెపిల్ల రక్తములో తమ వస్త్రములను ఉదుకుకొని తెలుపు చేసికొన్న వారి మాట ఆమెకు చదివి వినిపించాను. మన పెళ్లికూతురు కట్టేది తెల్లచీర. సమాధి కార్యక్రమానికి పెట్టె చర్చిలోకి తెచ్చినప్పుడు చాలా సంఘాల్లో బల్ల మీద ఉండేదీ తెలుపే, పునరుత్థానం మీద నమ్మకంతో. నిరుడు ఒకే వారంలో మా చర్చిలో ఒక పెళ్లి, ఒక సమాధి కార్యక్రమం జరిగాయి. రెంటికీ ఆ ఒక్క గుడ్డే, మధ్యలో తీయనే లేదు. ఆ ఆదివారం ఆ గుడ్డ ముందు నిలబడి నేను చాలాసేపు ప్రార్థన చేశాను.

పెళ్లిళ్లప్పుడు డెకరేషన్ వాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి. పూల దండలు గుడ్డకే పిన్నులు గుచ్చి కడతారు, వేడి గమ్ అంటిస్తారు. ముందు రోజే చెప్పండి, బల్లకు ఏదీ తగలకూడదని.

ఎరుపు పెంతెకొస్తుకు, హతసాక్షుల దినాలకు, గురువుల అభిషేకానికి. లూథరన్లయితే అక్టోబర్ 31 సంస్కరణ దినానికి కూడా వేస్తారు. ఏడాదిలో రెండు మూడుసార్లు వేసే గుడ్డ, దాని మీద ఎక్కువ ఖర్చు వద్దు.

మార్చే రోజు

మామూలుగా శనివారం సాయంత్రం, క్వాయర్ ప్రాక్టీసు అయ్యాక మార్చండి. ఒక్కరే చేయకండి, ఇద్దరుండాలి. బల్ల మీది సిలువ, కొవ్వొత్తి స్టాండ్లు ఒకరు పట్టుకుంటే ఒకరు గుడ్డ తీయాలి. మధ్యగీత సరిగ్గా వచ్చిందో లేదో బల్ల దగ్గర నిలబడి చూస్తే తెలియదు, చివరి బెంచీ దాకా వెళ్లి చూడండి.

గుడ్ ఫ్రైడే ముందు రోజైన పరిశుద్ధ గురువారం వేరు. ఆ రాత్రి బల్లను ఖాళీ చేయడం ఆరాధనలోనే ఒక భాగం, సంఘమంతా చూస్తుండగా చేయాలి. కాళ్లు కడగడం, ప్రభు భోజనం అయ్యాక దీపాలు తగ్గిస్తారు. ఎవరో ఇరవై రెండో కీర్తన నెమ్మదిగా చదువుతారు. మీరిద్దరూ ముందుకు వెళ్లి కొవ్వొత్తులు, సిలువ, బైబిల్, పుల్పిట్ గుడ్డ, బల్ల ముందు గుడ్డ, ఆఖరికి తెల్లని నూలు గుడ్డ ఒక్కొక్కటే తీసి వెస్ట్రీలోకి తీసుకెళ్లాలి. ముందు రోజు ఒకసారి అలవాటు చేసుకోండి. ఆ రోజు గాజులు వేసుకోకండి, ఆ నిశ్శబ్దంలో వాటి చప్పుడు చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. అక్కడే మడవకండి, చేతి మీద వేసుకుని వెళ్లిపోండి. చివరికి ఉత్త చెక్క మిగులుతుంది, గీతలు, మైనం మరకలు, అన్నీ బయటపడి. ఆ బల్లను అలా చూసి మొదటిసారి నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పటికీ ఆ రాత్రి ఇంటికి వచ్చాక నేను ఎవరితోనూ మాట్లాడను.

ఈస్టర్ గుడ్డలు శనివారం రాత్రి తొమ్మిదిలోపే వేసి తాళం పెట్టండి. తెల్లవారుజామునే అందరూ కొవ్వొత్తులు, పూలు పట్టుకుని నారాయణగూడకో భోయిగూడకో, ఎవరి సమాధుల తోటకు వాళ్లు బయల్దేరతారు. మీకూ అక్కడ మీవాళ్లుంటారు. అటు నుంచి అటే ఆరాధనకు వస్తే, బల్ల సిద్ధంగా ఉండాలి.

దాచడం

మడత పెడితే ఆ గీత ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పోదు. బట్టల షాపులో థాను చుట్టే అట్ట గొట్టాలు అడిగి తెచ్చుకోండి, గుడ్డను వాటి చుట్టూ చుట్టి పైన పాత నూలు దుప్పటి కప్పండి. పాలిథిన్ కవరు వద్దు, జులై నుంచి సెప్టెంబర్ దాకా చెమ్మకు లోపల బూజు పడుతుంది. ఆ మూడు నెలలూ నెలకోసారి బయటికి తీసి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. జరీ ఉన్నవాటికి నాఫ్తలీన్ తగలనివ్వకండి, ఎండు వేపాకు చిన్న సంచిలో కట్టి పెట్టండి.

మైనం పడితే గోకకండి. ఐసు ముక్కతో గట్టిపరిచి పొట్టు తీసి, పైనా కిందా టిష్యూ కాగితం పెట్టి గోరువెచ్చని ఇస్త్రీ ఆనించండి. నూలు గుడ్డ మీద ద్రాక్షరసం పడితే ఆరాధన అవగానే చల్లని నీళ్లలో నానబెట్టండి, మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయకండి, వేడికి మరక నిలిచిపోతుంది.

పనికిరాకుండా పోయిన గుడ్డల్ని పాత బట్టల వాడికి ఇవ్వకూడదు. అయ్యగారికి చెప్పి కాల్చేయడమో పాతిపెట్టడమో పద్ధతి. మా పాత ఆకుపచ్చ గుడ్డకు మాత్రం అయ్యగారు వేరే అనుమతి ఇచ్చారు. వెలిసిన భాగం కాల్చి, కంకులు కుట్టిన మంచి భాగాన్ని సన్నని ముక్కలుగా కోసి, అంచులు చేత్తో కుట్టి, ఆ ఏడాది కన్ఫర్మేషన్ తీసుకున్న పిల్లల బైబిళ్లలో పెట్టుకోమని ఇచ్చాం.